పడవే ఇల్లు, పడవే పని: ఇంగ్లండు కాలువ మనుషుల చరిత్ర మనకెందుకు?

కాలువల చరిత్ర అనగానే మనకి ముందుగా ఒక ఇంజనీరు బొమ్మ గుర్తొస్తుంది. గోదావరి డెల్టాలో తిరిగితే ఊరూరా కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. ఆ కాలువని తవ్విన చేతులెవరివి, ఆ కాలువలో పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగిన భుజాలెవరివి అని చెప్పే రాయి మాకైతే ఎక్కడా కనపడలేదు. నీళ్ళిచ్చిన దొర దేవుడయ్యాడు. నీళ్ళ మీద బతికినవాళ్ళు లెక్కలో లేకుండా పోయారు.

ఇది మన ఒక్కరి గోడే కాదు. కాటన్ దేశమైన ఇంగ్లండులో కూడా కాలువల చరిత్ర చాలాకాలం పాటు ప్రభువుల, ఇంజనీర్ల, కంపెనీల చరిత్రగానే నడిచింది. అక్కడ దాదాపు రెండు వందల ఏళ్ళు కాలువల మీద సరుకు మోసిన ఒక జనం ఉన్నారు. పడవలోనే పుట్టి, పడవలోనే కాపురం చేసి, పడవలోనే ముసలివాళ్ళయిన జనం. వాళ్ళని గట్టు మీది సమాజం మురికివాళ్ళంది, తాగుబోతులంది, చదువు రానివాళ్ళంది. వాళ్ళు పోయాక మాత్రం వాళ్ళ పడవల మీది పూల బొమ్మలు చూసి మురిసిపోయింది.

దళిత చరిత్ర రాసుకోవాలనుకునే మనకి ఈ కథలో పనికొచ్చే పాఠాలు చాలా ఉన్నాయి. వాళ్ళకీ మనకీ పోలిక ఎక్కడిదాకా నిలబడుతుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నది కూడా తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో ఆ పనే చేస్తున్నాం.

ఏడడుగుల కొలత

ఇంగ్లండులో కాలువల యుగం 1761లో మొదలైందని సాధారణంగా చెబుతారు. మాంచెస్టర్‌కి దగ్గర్లోని వర్స్‌లీలో బ్రిడ్జ్‌వాటర్ ప్రభువుకి బొగ్గు గనులుండేవి. గుర్రాల వీపుల మీద బొగ్గు మోయిస్తే ఖర్చు మోపెడయ్యేది. అందుకని గని నుంచి ఊరిదాకా కాలువ తవ్వించాడు. జేమ్స్ బ్రిండ్లీ అనే మిల్లు మేస్త్రీ ఆ పనిలో ముఖ్యుడు. కాలువ వచ్చాక మాంచెస్టర్‌లో బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ చవక బొగ్గే తర్వాత అక్కడి బట్టల మిల్లుల కొలిమిలోకి వెళ్ళింది. ఆ మిల్లుల బట్ట మన కోస్తా నేతగాళ్ళ మగ్గాలని ఏం చేసిందో మనకి తెలుసు. కాబట్టి ఈ కథ మొదటి నుంచీ మనకి పూర్తిగా పరాయిది కాదు.

వర్స్‌లీ గని లోపలికి కూడా నీటి సొరంగాలు తవ్వారు. వాటిలో తిరిగే సన్నటి పడవలకి పక్క చెక్కలు ఎముకల్లా పైకి కనిపించేవట. అందుకని వాటికి 'ఆకలి పడవలు' అనే అర్థం వచ్చే పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్ళకి ఆకలి అంటే ఏంటో తెలుసని మనం అనుకోవచ్చు. తర్వాత వచ్చిన సన్న పడవలకి మూలం వాటిలోనే ఉందంటారు.

కొలత సంగతి అసలు తేలింది ట్రెంట్-మెర్సీ కాలువ దగ్గర. 1766లో మొదలుపెట్టి 1777లో పూర్తి చేసిన ఈ కాలువకి బ్రిండ్లీ సుమారు 7 అడుగుల వెడల్పు, 70 అడుగులకి కాస్త పైన పొడవు ఉన్న లాకులు కట్టించాడు. లాకులంటే మన డెల్టా వాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పడవని ఒక తొట్టిలో నిలిపి, నీళ్ళు నింపి పైకి, నీళ్ళు వదిలి కిందికి దించే కట్టడం. లాకు ఎంత ఇరుకైతే నీళ్ళ ఖర్చు అంత తక్కువ. సొరంగం ఎంత సన్నమైతే తవ్వకం ఖర్చు అంత తక్కువ. ఈ లెక్కకి సరిపోయేట్టుగా పడవ తయారైంది. పొడవు 70 అడుగులు, వెడల్పు 7 అడుగులకి రెండంగుళాలు తక్కువ. బరువు 25 నుంచి 30 టన్నులు. రోడ్డు మీద టన్నో రెండు టన్నులో లాగే గుర్రం నీటి మీద ఆ 30 టన్నుల్నీ లాక్కుపోయేది.

ఈ కొలత పెట్టుబడికి లాభం చూసి పెట్టిన కొలత. అందులో మనుషులు కాపురం ఉంటారని ఎవరూ అనుకోలేదు. కానీ కొన్ని తరాల తర్వాత అదే 7 అడుగుల్లో మొగుడూ పెళ్ళాం పిల్లలూ సర్దుకోవలసి వచ్చింది.

తవ్వినవాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పార, గునపం, చక్రాల తోపుడు బండితో వేల మంది ఊరూరూ తిరుగుతూ ఈ కాలువలు తవ్వారు. వాళ్ళని 'నావీలు' అన్నారు. నీటి దారి వేసేవాడు అనే అర్థం ఉన్న పెద్ద మాట నోళ్ళలో నలిగి చివరికి మట్టి కూలీకి పేరుగా మిగిలింది.

ఇల్లు పడవెక్కింది ఎందుకు?

మొదట్లో పడవ పని మగవాళ్ళ పనిగానే ఉండేది. భార్యాపిల్లలు కాలువ గట్టు ఊళ్ళలో అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు. రాత్రీ పగలూ ఆగకుండా గుర్రాలు మార్చుకుంటూ పోయే వేగం పడవల మీద పూర్తిగా మగ సిబ్బందే ఉండేవాళ్ళు.

1830లో లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు మొదలైంది. 1840ల నుంచి రైలు మార్గాలు దేశమంతా అల్లుకున్నాయి. రైలు పోటీకి తట్టుకోవాలంటే కాలువ కంపెనీలు కిరాయి తగ్గించాలి. కిరాయి తగ్గిస్తే ఎవరి కడుపు మీద దెబ్బ పడుతుంది? కంపెనీ లాభం కోసుకోదు గదా. పడవ నడిపేవాడి కూలి కోసుకుంది. కూలి తగ్గాక అతను ఇంటద్దె కట్టలేడు, తోడు పనివాడికి జీతమివ్వలేడు. దాంతో ఇల్లు ఖాళీ చేసి సంసారాన్ని పడవెక్కించాడు. ఆ పూట నుంచి భార్య చుక్కాని పట్టింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల గుర్రం వెంట నడిచింది.

దీన్ని 'సంచార జీవితం మీద మోజు' అని, 'నీటి జిప్సీలు' అని తర్వాతి రచయితలు తేలిగ్గా రాసేశారు. మోజు లేదు, రక్తంలో సంచారమూ లేదు. కూలి తగ్గితే ఇల్లు పోయింది, ఇల్లు పోతే పడవే ఇల్లయింది. మన కులాలకి కూడా 'వాళ్ళకి ఆ పనే ఇష్టం', 'వాళ్ళ నైజమే అంత' అని చెప్పే పెద్దమనుషులకి కొదవ లేదు. ఒక జనం బతుకు తీరుని వాళ్ళ నైజంగా చూపిస్తున్నారంటే దాని వెనక ఉన్న జమాఖర్చుల పుస్తకం తెరిచి చూడాలి. మొదటి పాఠం ఇది.

ఇంకో సంగతి. కంపెనీ దృష్టిలో పనివాడు ఒక్కడే. టన్నుకింతని, ట్రిప్పుకింతని లెక్కగట్టి డబ్బు మగవాడి చేతికే ఇచ్చేది. లాకు తలుపు తోసిన భార్య పేరు, గుర్రాన్ని నడిపిన పిల్లల పేర్లు జీతాల పుస్తకంలో ఉండవు. ముగ్గురు నలుగురి చాకిరీ ఒక్క జీతానికి కంపెనీకి దక్కింది. మన ఊళ్ళలో పాలేరుని మాట్లాడుకుంటే అతని పెళ్ళాం దొడ్డి ఊడవడం, పిల్లాడు గొడ్లు కాయడం అందులోనే కలిసిపోయేవి గదా. ఆ లెక్కే ఇది.

ఒక రోజు పని

తెల్లవారకముందే గుర్రానికి మేత పెట్టి కట్టడంతో పని మొదలు. గట్టు మీది బాటలో గుర్రం నడుస్తుంది. పొడవాటి తాడు పడవకి కట్టి ఉంటుంది. వేగం గంటకి రెండు మూడు మైళ్ళు, అంటే మనిషి నడకే. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్ళే ప్రధాన కాలువ 137 మైళ్ళు. దారిలో 166 లాకులు. ఒక్కో లాకు దగ్గర ఒకరు దిగాలి, ఇనప పిడి పెట్టి తూము తిప్పాలి, బరువైన దూలాన్ని వీపుతో తోసి తలుపు తెరవాలి, మళ్ళీ మూయాలి. దూలం మీద వీపు ఆనించి వెనక్కి నడిచే ఆడవాళ్ళ పాత ఫోటోలున్నాయి. వాళ్ళలో నిండు చూలాళ్ళు కూడా ఈ పని మానలేదు.

కొన్ని సొరంగాల్లో గట్టు బాట ఉండదు. ట్రెంట్-మెర్సీ కాలువ మీద హేర్‌కాసిల్ కొండ కింద బ్రిండ్లీ తవ్వించిన సొరంగం 2,880 గజాలు, రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఖర్చు తగ్గించడానికి దాన్ని బాట లేకుండా తవ్వారు. గుర్రాన్ని కొండ మీదుగా పంపించి, మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని, సొరంగం గోడలకి కాళ్ళు తన్ని, గోడ మీద నడుస్తున్నట్టుగా పడవని చీకట్లో ముందుకి తోసేవాళ్ళు. ఇట్లా గంటల తరబడి సాగేది. 1827లో పక్కనే బాట ఉన్న రెండో సొరంగం వచ్చేదాకా, అంటే 50 ఏళ్ళపాటు, ఆ కొండ కింద మనిషి కాళ్ళే ఇంజను.

1910ల నుంచి మోటారు పడవలు వచ్చాయి. ఒక మోటారు పడవ వెనక ఇంకో పడవని కట్టి జంటగా నడపడం అలవాటైంది. గుర్రం పోయింది గానీ పని తగ్గలేదు, రెట్టింపు సరుకు వచ్చింది. ముందు పడవలో భర్త, వెనక పడవలో చుక్కాని పట్టుకుని భార్య. ఒకరి మాట ఒకరికి వినపడదు.

సరుకు ఎక్కించడానికి ఆలస్యమైతే ఆ రోజుల కూలి సరిగ్గా దక్కేది కాదు. కాలువ గడ్డకడితే పడవ కదలదు, పడవ కదలకపోతే డబ్బు లేదు. చలికాలంలో వారాల తరబడి మంచు పట్టిన ఏళ్ళలో పడవ మనుషులు అప్పుల్లో కూరుకుపోయేవాళ్ళు. సొంత పడవ ఉన్నవాళ్ళు కొద్దిమంది ఉండేవాళ్ళు, వాళ్ళని 'నంబర్ వన్లు' అనేవాళ్ళు. మిగతా వాళ్ళ పడవలు కంపెనీవి. ఇల్లూ పనీ రెండూ ఒకే యజమాని చేతిలో ఉంటే మనిషి నోరెత్తడం ఎంత కష్టమో మన వెట్టి అనుభవం మనకి చెబుతుంది.

పదడుగుల గది

70 అడుగుల పడవలో దాదాపు అంతా సరుకుదే. వెనక భాగంలో సుమారు 10 అడుగుల గది సంసారానిది. లోపలికి దిగగానే ఒక పక్కన ఇనప పొయ్యి. దాని పక్కన ఒక అలమర, దాని తలుపు కిందికి దించితే భోజనం బల్ల. చివర అడ్డంగా చెక్క దించితే పెద్దవాళ్ళ పడక. పక్క బల్ల మీద పిల్లలు. వంట, స్నానం, పురుడు, జబ్బు, చావు అన్నీ అక్కడే. పసిపిల్లలు కాలువలో పడకుండా నడుముకి తాడు కట్టి పడవ పైకప్పుకి కట్టేసేవాళ్ళు.

ఆ గదిని వాళ్ళు ఎట్లా ఉంచుకున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తలుపుల మీద, మంచినీళ్ళ డబ్బాల మీద గులాబీలు, కోటలు, సరస్సుల బొమ్మలు. మెరిసేట్టు తోమిన ఇత్తడి గుబ్బలు. అంచుకి అల్లిన లేసు, గోడకి రిబ్బను కట్టిన పింగాణీ పళ్ళేలు. బొగ్గు మోసే పడవలో ఈ శుభ్రం, ఈ అలంకారం దేనికి? గట్టు మీది వాళ్ళు 'మురికివాళ్ళు' అన్నదానికి వాళ్ళు ఇచ్చుకున్న జవాబు అది అని మేము అనుకుంటున్నాం. మన పేటల్లో మట్టి గోడకి ఎర్రమన్ను పూసి ముగ్గేసిన అమ్మల చేతుల్ని చూసినవాళ్ళకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

సంస్కర్తల చూపు

1870ల్లో జార్జి స్మిత్ అనే సంస్కర్త పడవ మనుషుల గురించి పెద్ద ఎత్తున ప్రచారం చేశాడు. అతను ప్రభువుల బిడ్డ కాదు. 1831లో పుట్టాడు, తొమ్మిదేళ్ళ వయసులోనే ఇటుక బట్టీలో మట్టి మోశాడు. పెద్దయ్యాక బట్టీల్లో పిల్లల చాకిరీ మీద పోరాడాడు. 1871లో ఫ్యాక్టరీ చట్టం ఇటుక బట్టీలకి వర్తించడంలో అతని పాత్ర ఉంది. ఆ తర్వాత ఉద్యోగం పోయి నానా కష్టాలు పడ్డాడు. ఇవన్నీ గౌరవంతో గుర్తుపెట్టుకోవాలి.

అయితే 1875లో కాలువ జనం మీద అతను వేసిన పుస్తకంలో వాళ్ళ కష్టం కంటే వాళ్ళ పాపమే ఎక్కువ కనిపిస్తుంది. తాగుడు, తిట్లు, పెళ్ళి లేని కాపురాలు, దేవుడి భయం లేకపోవడం - ఈ జాబితానే మళ్ళీ మళ్ళీ. పడవల మీద లక్ష మంది దాకా ఉన్నారన్నాడు. తర్వాతి చరిత్రకారులు ఆ లెక్క చాలా ఎక్కువని తేల్చారు. కూలి రేటు పెంచమని గానీ, ఎదురుచూసిన రోజులకి డబ్బివ్వమని గానీ ఆ ప్రచారం ప్రధానంగా అడగలేదు. పడవల్ని రిజిస్టరు చెయ్యాలి, తనిఖీ చెయ్యాలి అంది. 1877లో కాలువ పడవల చట్టం, 1884లో దానికి సవరణ అట్లా వచ్చాయి.

చట్టం కింద వచ్చిన నియమాల్లో ఒకటి చూడండి. పన్నెండేళ్ళు దాటిన ఒక్కో మనిషికి గదిలో 60 ఘనపుటడుగుల గాలి చోటుండాలి. 60 ఘనపుటడుగులంటే నాలుగడుగుల చదరపు పెట్టె కంటే కాస్త తక్కువ. పిల్లలకైతే 40. ఇది మేలు చెయ్యడానికి పెట్టిన నియమం! గది పెంచితే సరుకు తగ్గుతుంది. గది పెంచమని కంపెనీని గట్టిగా అడగలేదు. ఎక్కువ మంది ఉంటే తప్పు సంసారానిదయింది.

ఇక్కడ రెండు చట్టాల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఇదే బ్రిటిష్ పాలకులు 1871లో మన దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఉప్పూ ధాన్యమూ మోసుకుని ఊరూరా అమ్ముకునే ఎరుకల వాళ్ళ సంచార వ్యాపారాన్ని ఉప్పు చట్టాలూ రైళ్ళూ దెబ్బతీశాయి. బతుకు పోయినవాళ్ళకి నేరస్థులనే ముద్ర పడింది, స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లు వచ్చాయి. రెండు చోట్లా కదిలే మనిషి మీద అనుమానమే కనిపిస్తుంది. జార్జి స్మిత్ కూడా పడవల తర్వాత జిప్సీల మీద అటువంటి చట్టం కోసం తిరిగాడు, అది నెగ్గలేదు. తేడా మాత్రం చాలా పెద్దది. ఇంగ్లండులో పడవని రిజిస్టరు చేశారు. ఇక్కడ మనిషినే, పుట్టుకతోనే దొంగగా రిజిస్టరు చేశారు. ఒకే ప్రభుత్వం తన పేదవాడికి ఒక చట్టం, వలస దేశపు పేదవాడికి ఇంకో చట్టం రాసింది.

బడి ప్రశ్న

కాలువ పిల్లల చదువు గురించి చదువుతుంటే మాకు మా బాల్యం గుర్తొచ్చింది. 1877 చట్టం ప్రకారం పడవ ఏ ఊళ్ళో రిజిస్టరయితే పిల్లల చదువు బాధ్యత ఆ ఊరిది. కానీ పడవ ఆ ఊళ్ళో ఉండదు గదా. సరుకు దించే రోజు ఒక బడిలో, ఎక్కించే రోజు ఇంకో బడిలో కూర్చోవాలి. ఈ బడిలో మొదటి పాఠం, ఆ బడిలోనూ మొదటి పాఠమే. చాలామంది పిల్లలు అక్షరాలు రాకుండానే పెద్దయ్యారు. పడవ మీద రాసిన పేరుని బొమ్మలా గుర్తుపట్టేవాళ్ళు, కాగితం మీద సంతకం బదులు గీత గీసేవాళ్ళు.

1920-21లో ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. తర్వాత ప్రధాని అయిన నెవిల్ ఛాంబర్లేన్ దానికి అధ్యక్షుడు. బడి ఈడు పిల్లలు బడి రోజుల్లో పడవల మీద ఉండకూడదని ఆ సంఘం సిఫారసు చేసింది. 1929లో రవాణా కార్మిక సంఘం నాయకుడు హ్యారీ గోస్లింగ్ అదే ఉద్దేశంతో పార్లమెంటులో బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు. చాలామంది తల్లిదండ్రులకి పిల్లల్ని వదలడం ఇష్టం లేదు. కంపెనీలకి ఉచిత చాకిరీ పోవడం ఇష్టం లేదు. ఈ రెండు అయిష్టాలూ ఒకటి కావు. కానీ సభలో రెండూ ఒకే వైపు నిలబడ్డాయి. కంపెనీ తన లాభాన్ని తల్లి ప్రేమ చాటున దాచుకుంది.

1930లో పశ్చిమ లండన్ దగ్గర 'ఎల్స్‌డేల్' అనే పాత పడవలోనే పడవ పిల్లలకి బడి పెట్టారు. పిల్లల్ని పడవ నుంచి లాగకుండా బడినే పడవలోకి తీసుకురావడం మంచి ఆలోచనే. అయితే అది ఒక్క చోట నిలబడి ఉండే పడవ, పిల్లలు వచ్చిపోయేవాళ్ళు.

మాలో చాలామందిమి హాస్టళ్ళలో చదివాం. అమ్మానాన్నా వలస కూలికి పోతే హాస్టలు లేకపోతే మేము ఈ నాలుగు అక్షరాలు రాసేవాళ్ళం కాదు. అదే హాస్టలు మా భాషని, మా తిండిని సిగ్గుపడేట్టూ చేసింది. చదువు కావాలంటే నీ వాళ్ళని వదిలిరా అనేది పేదవాళ్ళకే పెట్టే షరతు. కలిగినవాళ్ళ ఇంటి పక్కకే బడి వస్తుంది. కాలువ పిల్లల కథలో బడి వద్దన్నవాళ్ళు తల్లిదండ్రులు కాదు. వాళ్ళ కూలి బతుకు బడిని అందనివ్వలేదు. ఈ మాట మన ఉపాధ్యాయులు గట్టిగా పట్టుకోవాలి. వలస వెళ్ళొచ్చిన పిల్లాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టే ముందు ఒక్కసారి ఆలోచించాలి.

1923 సమ్మె

'నోరులేని జనం' అని పేరుపడ్డ పడవ మనుషులు 1923లో నోరు విప్పారు. ఫెలోస్ మోర్టన్ అండ్ క్లేటన్ అప్పట్లో పెద్ద పడవల కంపెనీ. అది కూలి రేట్లు తగ్గిస్తామంది. ఆగస్టులో పనివాళ్ళు సమ్మెకి దిగారు. నార్తాంప్టన్‌షైర్‌లోని బ్రాన్‌స్టన్ రేవులో పడవలు వరసగా కట్టేసి కూర్చున్నారు. రవాణా కార్మిక సంఘం వెనక నిలబడింది. సమ్మె సుమారు 14 వారాలు సాగింది. నిత్యం కదిలే జనం ఒకచోట ఆగడమే వాళ్ళ ఆయుధమయింది. పడవ కంపెనీది, కాపురం తమది. ఆ కాపురాన్నే అడ్డం పెట్టి సరుకు ఆపారు.

గొప్ప విజయంతో ముగిసిన సమ్మె కాదది. అయినా అక్షరం రానివాళ్ళు, ఒకరి ముఖం ఒకరు లాకుల దగ్గర తప్ప చూసుకోలేనివాళ్ళు మూడు నెలలు కట్టుబడి ఉన్నారు. సంఘం పెట్టుకోవడానికి చదువు వచ్చేదాకా ఆగనక్కర్లేదని ఈ సమ్మె చెబుతుంది.

పోయినవాళ్ళూ, రాసినవాళ్ళూ

రెండో ప్రపంచ యుద్ధంలో పడవలకి మనుషులు చాలక చదువుకున్న ఆడవాళ్ళని కొన్ని పదుల మందిని తీసుకుని పడవ పని నేర్పారు. దేశ జలమార్గాలు అనే మాటకి గుర్తుగా వాళ్ళకి ఐ.డబ్ల్యు. అనే రెండక్షరాల బిళ్ళ ఇచ్చారు. ఆ అక్షరాల్ని పట్టుకుని 'పనిలేని ఆడవాళ్ళు' అని వేళాకోళం పుట్టింది. వాళ్ళు కష్టపడ్డారు, అందులో అనుమానం లేదు. వాళ్ళలో కొందరు తర్వాత పుస్తకాలు రాశారు, అవి ఇవాళ్టికీ చదువుతున్నారు. తరతరాలుగా అదే పని చేసి, వాళ్ళకి పక్కనే నడిచిన పడవ ఆడవాళ్ళు మాత్రం ఆ పుస్తకాల్లో పాత్రలుగా మిగిలారు.

స్టోక్ బ్రూయెర్న్ అనే కాలువ ఊళ్ళో మేరీ వార్డ్ అనే నర్సు 1962 దాకా పడవ జనానికి వైద్యం చేసింది. 1951లో ఆమెకి ప్రభుత్వం పతకం ఇచ్చింది. పడవ జనం ఆమెని నమ్మారు. వాళ్ళని తిట్టకుండా వైద్యం చేసిందామె.

1948లో కాలువలు జాతీయమయ్యాయి. అప్పటికే లారీలు వచ్చేశాయి. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి. ఆ దెబ్బతో ప్రభుత్వ సంస్థ 1963లో సన్న పడవల రవాణా దాదాపుగా ఆపేసింది. చివరి నిత్య రవాణాల్లో ఒకటి ఆథర్‌స్టోన్ నుంచి లండన్ పక్కన సౌతాల్‌లోని జాం ఫ్యాక్టరీకి బొగ్గు మోసే ట్రిప్పు. అది 1970 అక్టోబరులో ఆగిపోయింది. పంజాబీ వలస కార్మికులు స్థిరపడుతున్న ఊరు కూడా ఆ సౌతాలే. ఒక శ్రామిక జనం కథ ముగిసిన చోట ఇంకో శ్రామిక జనం కథ మొదలయింది.

ఇక 'వారసత్వం' వంతు. 1944లో రోల్ట్ అనే రచయిత సన్న పడవ మీద రాసిన పుస్తకం చదివి మధ్యతరగతి కాలువల మీద మనసు పారేసుకుంది. 1946లో కాలువల రక్షణకి సంఘం ఏర్పడింది. కాలువలు పూడిపోకుండా వాళ్ళు కాపాడారు, అది నిజం. ఇవాళ ఆ కాలువల్లో 30 వేలకు పైగా పడవలు తిరుగుతున్నాయి. ఎక్కువ భాగం సెలవులకి, సరదాకి. లండన్‌లో ఇంటద్దె కట్టలేక పడవలో ఉండేవాళ్ళూ పెరిగారు. స్థిరమైన రేవు లేకుండా తిరిగే పడవలకి 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనపు వడ్డింపు వేస్తున్నారు. కదిలే పేదవాడి మీద చూపు పెద్దగా మారలేదు.

ఇది కులం కాదు

పోలిక చెప్పాం గాబట్టి తేడా కూడా చెప్పాలి. పడవ మనుషులు తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, గట్టు మీది వాళ్ళు ఈసడించారు. ఇవి చూసి 'అక్కడా కులముంది' అని తేల్చెయ్యడం పొరపాటు. పడవ దిగి ఫ్యాక్టరీలో చేరి అద్దె ఇంట్లో ఉన్న మనిషి మనవడికి ఆ ముద్ర మిగల్లేదు. వాళ్ళు ముట్టిన నీళ్ళని శుద్ధి చెయ్యాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. 'కుల నిర్మూలన' (1936)లో అంబేద్కర్ పని విభజన వేరు, పనివాళ్ళని మెట్లు మెట్లుగా విడగొట్టడం వేరు అని చూపించారు. పడవ జనానిది మొదటి దానిలోంచి పుట్టిన అవమానం. మనది రెండోది. మాలమాదిగలు పని మార్చినా, ఊరు మార్చినా, దేశం మార్చినా కులం వెంట వస్తుంది.

అంబేద్కర్‌కీ ఈ విషయానికీ ఒక దగ్గరి సంబంధం ఉంది. 1921-22లో ఆయన లండన్‌లో చదువుకుంటూ ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంటి నుంచి రీజెంట్స్ కాలువ నడిచి వెళ్ళే దూరం. అప్పటికి ఆ కాలువ మీద సరుకు పడవలు నడుస్తూనే ఉన్నాయి. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు ఆయన సలహా మీద 1945లో కేంద్ర జలమార్గాల, సాగునీటి, నౌకాయాన కమిషన్ ఏర్పడింది. పేరులోనే పడవ ఉంది చూడండి. నదిని సాగుకే గాక కరెంటుకీ రవాణాకీ వాడాలని ఆయన చెప్పారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ అంబేద్కర్ ఎందుకు కనిపించరు?

మన కాలువల దగ్గరికి

ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య కట్టారు. దాని కాలువలు సాగుకీ పడవలకీ పనికొచ్చేట్టు తవ్వారు. రైళ్ళ కంటే పడవ కాలువలే మేలని కాటన్ జీవితమంతా వాదించాడు. మద్రాసుకి ఉత్తరాన 1806లో మొదలైన కాలువ ముక్కముక్కలుగా పెరిగి పెదగంజాం దాకా వచ్చి కృష్ణా కాలువల్తో కలిసింది. 1878లో దానికి గవర్నరు పేరు మీద బకింగ్‌హామ్ కాలువ అని పేరు పెట్టారు. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కని 1877-78లో, అంటే మహా కరువు రోజుల్లో, కరువు పని కింద తవ్వించారు. గవర్నరు పేరు నిలిచింది. గంజి కోసం గంప మోసిన వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా ఎక్కలేదు.

ఈ కాలువల మీద ఉప్పు, కట్టెలు, వడ్లు, మనుషులు పడవల్లో నడిచారు. సరంగు, కళాసీ, గూటి పడవ, కేవు, లాకు సూపర్నెంటు - ఈ మాటలన్నీ మన భాషలో ఉన్నాయి. రోడ్లు, లారీలు, తుపానులు వచ్చి పడవలు పోయాయి. 2008లో ఈ దారినే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటనలో టన్నులున్నాయి, కిలోమీటర్లున్నాయి. పడవ లాగినవాళ్ళ ఊసు లేదు.

ఇంగ్లండులో కొంత ఆలస్యంగానైనా ముసలి పడవ మనుషుల మాటలు రికార్డు చేశారు, మ్యూజియాలు పెట్టారు. మనం ఆ పని ఇప్పుడు మొదలుపెట్టకపోతే మరి దొరకదు. డెల్టా ఊళ్ళ విద్యార్థులు సెలవుల్లో లాకుల దగ్గరికి వెళ్ళండి. ముసలివాళ్ళని అడగండి. పడవ ఎవరిది? తాడు లాగింది ఏ పేట వాళ్ళు? కేవులో లాగినవాడికి ఎంత దక్కింది? గూటి లోపల ఎవరు కూర్చున్నారు, బయట ఎండలో ఎవరు నిలబడ్డారు? ఆ కాలువ నీళ్ళు ఏ రేవులో ఎవరు ముంచుకోవచ్చు, ఎవరు ముంచుకోకూడదు? ఆడవాళ్ళని విడిగా అడగండి, మగవాళ్ళ ముందు వాళ్ళు చెప్పరు.

చివరి ప్రశ్న ఇంగ్లండు కాలువ మీద అడగనక్కర్లేదు. మన కాలువ మీద మాత్రం అడక్కుండా ముందుకి పోకూడదు. ఒకే కాలువ పడవ జనానికి దారి, రైతుకి పంట, మాల మాదిగ పేటకి ఊరు వాడి వదిలేసిన దిగువ రేవు. ఈ మూడు చరిత్రల్నీ కలిపి రాస్తే కాటన్ విగ్రహం పక్కన నిలబడవలసిన వాళ్ళెవరో తెలుస్తుంది. ఆ రాత మన చేతులతోనే జరగాలి.